కైరో నగరంలో చెత్త ఎత్తే కూలి

ఈజిప్టు రాజధాని కైరోకు వెళ్ళే యాత్రికులు చూసి వచ్చే స్థలాలు మనకు తెలిసినవే. వెయ్యేళ్ళు దాటిన అల్-అజ్‌హర్ విద్యాలయం, ఇబ్న్ తూలూన్ మస్జిద్, సుల్తాన్ సలాహుద్దీన్ కట్టించిన కోట, ఖాన్ అల్-ఖలీలీ బజారు, నైలు నది తీరం, కాస్త దూరంలో పిరమిడ్లు. కోట బురుజు మీద నిలబడి తూర్పు దిక్కుకు తల తిప్పితే ముఖత్తం అనే సున్నపురాతి కొండ కనిపిస్తుంది. ఆ కొండ పాదాన ఇరుకు సందులతో, సగం కట్టిన ఇటుక మిద్దెలతో ఒక పేట ఉంది. దాని పేరు మన్షియత్ నాసిర్. యాత్రికులలో ఆ పేటకు వెళ్ళేవారు తక్కువ. అయితే కైరోలోని లక్షలాది గృహాల వంటగదులకూ ఆ పేటకూ ప్రతి ఉదయం సంబంధం ఉంది. నగరం విసర్జించిన చెత్తలో పెద్ద భాగం అక్కడికే చేరుతుంది.

ఇంటి ముందు చెత్త పెట్టిన తరువాత దాని సంగతి మనం మరచిపోతాము. కాని దానిని ఎవరో ఒకరు ఎత్తాలి, మోయాలి, వేరు చేయాలి, ఎక్కడో పూడ్చాలి లేదా మళ్ళీ వాడుకలోకి తేవాలి. ఈ పనులన్నింటికీ ఖర్చు ఉంది. ఆ ఖర్చును ఎవరు భరించాలి, ఏ రూపంలో చెల్లించాలి, చెల్లించిన సొమ్ము చివరకు ఎవరి చేతికి చేరుతుంది అనే ప్రశ్నలకు ఒక్కో నగరం ఒక్కో విధంగా సమాధానం చెప్పుకుంది. కైరో అయితే ఒక్క శతాబ్దంలోనే ఇన్ని సమాధానాలు వెతికింది కనుక, దాని కథను కాస్త నిదానంగా తెలుసుకోవడం మేలు.

చెత్త దిబ్బ మీద పూలతోట

ముందుగా ఒక పాత సంగతి. అల్-అజ్‌హర్‌కు సమీపాన, పాత నగర ప్రాకారం వెలుపల దర్రాసా అనే చోట సుమారు 500 సంవత్సరాల పాటు జనం మట్టిని, కూలిన ఇళ్ళ శిథిలాలను, చెత్తను పోస్తూ వచ్చారు. అది క్రమంగా ఒక గుట్టగా పెరిగింది. అయ్యూబీ సుల్తానుల కాలంలో కట్టిన కోటగోడ దాని కింద కనిపించకుండా పూడిపోయింది. ఆగాఖాన్ ట్రస్టు పూనుకొని ఆ గుట్టను ఉద్యానవనంగా మార్చింది. ఇందుకోసం 15 లక్షల ఘనపు మీటర్లకు పైగా మట్టిని, శిథిలాలను కదిలించవలసి వచ్చింది. పూడిపోయిన ప్రాకారం సుమారు ఒకటిన్నర కిలోమీటరు మేర మళ్ళీ వెలుగు చూసింది. 2005లో ప్రారంభమైన ఆ అల్-అజ్‌హర్ పార్కులో నేడు కుటుంబాలు సాయంత్రాలు గడుపుతాయి, పిల్లలు పచ్చిక మీద ఆడుకుంటారు.

ఒక తరం చెత్తకు ఖర్చు పెట్టకుండా తప్పించుకుంటే ఆ ఖర్చు మాయమైపోదు. అది తరువాతి తరాల ఖాతాలో పడుతుంది. దర్రాసా గుట్ట బాకీని ఐదు వందల ఏళ్ళ తరువాత తీర్చడానికి దాత దొరికాడు. అన్ని గుట్టలకూ అటువంటి అదృష్టం ఉండదు.

వాహియాలు, జబ్బాలీన్లు

ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో ఈజిప్టు పశ్చిమ ఎడారిలోని దాఖ్లా ఒయాసిస్సు నుండి కొన్ని ముస్లిం కుటుంబాలు బతుకుతెరువు కోసం కైరోకు వచ్చాయి. ఒయాసిస్సును అరబీలో 'వాహా' అంటారు కనుక వారికి 'వాహియా' అనే పేరు వచ్చింది. వారు మేడల యజమానులతో ఒప్పందం చేసుకున్నారు. మేడలోని చెత్త ఎత్తే హక్కు కోసం యజమానికి ముందుగా కొంత సొమ్ము చెల్లించేవారు. ఆ తరువాత ఆ మేడలో అద్దెకు ఉండే ప్రతి కుటుంబం నుండి నెలనెలా రుసుము వసూలు చేసుకునేవారు. ఆ రోజుల్లో చెత్తకు మరో విలువ కూడా ఉండేది. ఎండబెట్టిన చెత్తను హమ్మాములలో నీళ్ళు కాచడానికి, 'ఫూల్' అనే చిక్కుడు గింజల వంటకాన్ని రాత్రంతా పెద్ద కుండలలో ఉడికించడానికి వంటచెరకుగా అమ్మేవారు.

చమురు ఇంధనం వచ్చాక ఆ గిరాకీ తగ్గింది. సరిగ్గా ఆ సమయంలో, 1930-40 దశకాలలో, దక్షిణ ఈజిప్టులోని అస్యూత్ ప్రాంతం నుండి భూమి లేని పేద రైతు కుటుంబాలు కైరోకు వలస వచ్చాయి. వారు ఎక్కువగా కాప్టిక్ క్రైస్తవులు. పందులను పెంచేవారు. నగరపు తడి చెత్త ఆ పందులకు మేతగా పనికివచ్చింది. జనం వారిని 'జబ్బాలీన్' అని పిలిచారు. 'చెత్తవాళ్ళు' అని దాని అర్థం.

అప్పటినుండి ఒక విచిత్రమైన ఏర్పాటు స్థిరపడింది. గృహస్థులు చెల్లించే నెల రుసుము వాహియాకు చేరేది. మేడ మెట్లెక్కి, బుట్ట వీపున వేసుకొని, గాడిద బండి మీద చెత్త మోసుకుపోయేది మాత్రం జబ్బాలీన్. ఆ రుసుములో వారికి దక్కేది ఏమీ ఉండేది కాదు. పైగా చెత్త తీసుకునే అవకాశం కోసం వారే వాహియాకు ఎదురు చెల్లించేవారు. చెత్తలో దొరికే కాగితం, గుడ్డ, సీసా, రేకు అమ్ముకోగా వచ్చిందే వారి కూలి. ఇల్లాలు నెలనెలా డబ్బు ఇస్తూనే ఉండేది. ఆ డబ్బు తన గడప ముందు నిలబడిన మనిషికి చేరుతున్నదా అని ఆమె ఎన్నడూ అడగలేదు. అడగవలసిన విషయమని ఆమెకు తోచి ఉండదు కూడా.

నగరం పెరిగే కొద్దీ జబ్బాలీన్లను ఒకచోట నుండి మరొక చోటికి తరిమారు. 1970 ప్రాంతంలో వారిలో పెద్ద వర్గం ముఖత్తం కొండ పాదానికి చేరింది. రేకుల గుడిసెలతో మొదలైన ఆ పేట క్రమంగా మేడలుగా మారింది. అక్కడి ఇళ్ళలో నేటికీ కింది అంతస్తు చెత్త వేరు చేసే చోటు. పురుషులు, ఎదిగిన కొడుకులు తెల్లవారకముందే బండి కట్టుకొని నగరంలోకి వెళ్తారు. తెచ్చిన మూటలను స్త్రీలు, ఆడపిల్లలు విప్పి చేతులతో వేరు చేస్తారు. ప్లాస్టిక్‌ను రకాల వారీగా, రంగుల వారీగా విడదీస్తారు. కొన్ని ఇళ్ళలో ప్లాస్టిక్‌ను తురిమి గింజలుగా మార్చే యంత్రాలున్నాయి. ఈ విధంగా వారు తెచ్చిన చెత్తలో సుమారు 80 శాతం మళ్ళీ ఉపయోగంలోకి వస్తుందని తరచుగా చెబుతారు. అత్యాధునిక నగరాలలో కూడా ఇంత నిష్పత్తి అరుదు. కాని దీనికి వారు చెల్లిస్తున్న మూల్యం కూడా తక్కువ కాదు. ఆసుపత్రి సూదులు గుచ్చుకుంటాయి, పగిలిన గాజు కోస్తుంది, కాలేయ వ్యాధులు అంటుకుంటాయి.

విద్యుత్ బిల్లులో చేరిన చెత్త

2003లో ప్రభుత్వం పద్ధతి మార్చింది. స్పెయిన్, ఇటలీ దేశాల కంపెనీలతో పదిహేనేళ్ళ ఒప్పందాలు కుదుర్చుకొని నగరంలోని పలు భాగాల పారిశుద్ధ్యాన్ని వాటికి అప్పగించింది. అందుకయ్యే ఖర్చును రాబట్టడానికి ప్రతి ఇంటి విద్యుత్ బిల్లులో చెత్త రుసుమును కలిపింది. విద్యుత్ బిల్లు కట్టకపోతే కరెంటు పోతుంది కనుక వసూలు సులభమని అధికారుల ఆలోచన.

కాగితం మీద ఇది చక్కని ఏర్పాటే. ఆచరణలో రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది, కంపెనీలు వీధి చివర కుండీలు పెట్టాయి గాని గడప గడపకూ మనిషిని పంపలేదు. ఐదో అంతస్తులో ఉండే వృద్ధురాలు చెత్త మోసుకొని వీధి చివరికి ఎలా వెళ్తుంది? పాత నగరపు ఇరుకు సందులలోకి పెద్ద లారీలు ఎలా వస్తాయి? రెండవది, ఒప్పందం ప్రకారం కంపెనీలు చెత్తలో కేవలం 20 శాతాన్ని పునర్వినియోగంలోకి తెస్తే చాలు. మిగిలినది పూడ్చివేయవచ్చు. ముఖత్తం కుటుంబాలు ఎనభై పాళ్ళు ఉపయోగంలోకి తెస్తూ బతుకుతున్న సంపదను ఇరవై పాళ్ళకు దించడానికి ప్రజల నుండి సొమ్ము వసూలు చేశారన్నమాట.

ఫలితం ఏమిటంటే ప్రజలు రెండుసార్లు చెల్లించారు. ఒకటి విద్యుత్ బిల్లులో ప్రభుత్వానికి. రెండవది, అలవాటు ప్రకారం గడప ముందుకు వచ్చే జబ్బాలీన్ మనిషికి. చెత్తకూ కరెంటుకూ సంబంధం ఏమిటని కొందరు న్యాయస్థానాల మెట్లెక్కారు. ప్రజలు అభ్యంతర పెట్టింది రుసుము ఎక్కువని మాత్రమే కాదు. చెల్లించిన దానికి తగిన సేవ అందకపోవడం, లెక్క చెప్పేవారు లేకపోవడం వారిని ఎక్కువగా బాధించాయి.

2009లో జరిగినది

2009 వసంతంలో ప్రపంచమంతటా 'స్వైన్ ఫ్లూ' భయం వ్యాపించింది. అప్పటికి ఈజిప్టులో ఒక్క కేసు కూడా నమోదు కాలేదు. అయినా దేశంలోని పందులన్నింటినీ, అంటే సుమారు 3 లక్షలను, వధించాలని ప్రభుత్వం ఏప్రిల్ చివరిలో ఆదేశించింది. ఇది అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినా ఆగలేదు.

పంది మాంసం మనకు హరామ్. అందులో సందేహానికి తావు లేదు. కాబట్టి ఈ వార్త చదివి "పోతే పోయాయి" అనుకునేవారు మనలో ఉండవచ్చు. అయితే ఇక్కడ ఇస్లామీయ న్యాయశాస్త్రం ఏమంటుందో గుర్తు చేసుకోవాలి. ముస్లిం పాలనలో ఉండే ముస్లిమేతరుల పందిని ఒక ముస్లిం నాశనం చేస్తే దాని విలువను పరిహారంగా చెల్లించాలని హనఫీ ఫుఖహా స్పష్టంగా నిర్ణయించారు. మనకు నిషిద్ధమైనది వారికి ఆస్తి. ఆ ఆస్తికి రక్షణ కల్పించడం పాలకుని బాధ్యత. తెలుగునాట అత్యధికులం హనఫీ మస్లక్‌ను అనుసరించేవారమే కనుక ఈ సూత్రం మనకు పరాయిది కాదు. ముఖత్తం కుటుంబాలకు దక్కిన పరిహారం వారి నష్టంతో పోలిస్తే చాలా స్వల్పం.

ఆ నష్టం తిరిగి నగరం మీదికే వచ్చింది. తడి చెత్తను మేతగా వాడే దారి మూసుకుపోయాక దానిని ఎత్తుకుపోవడం వల్ల జబ్బాలీన్లకు ప్రయోజనం లేకుండా పోయింది. వారు కాగితం, ప్లాస్టిక్ ఏరుకొని మిగిలినది వదిలేయసాగారు. కొద్ది నెలలలోనే కైరో వీధులలో కుళ్ళిన చెత్త గుట్టలు పడ్డాయి. అంతవరకూ తమ ఇంటి తడి చెత్త ఖర్చును ఎవరు భరిస్తున్నారో నగరవాసులకు అప్పుడు తెలిసివచ్చింది.

విదేశీ కంపెనీల ఒప్పందాల గడువు తీరాక ప్రభుత్వం మళ్ళీ కొత్త ఏర్పాట్లకు పూనుకుంది. 2020లో వచ్చిన వ్యర్థాల నిర్వహణ చట్టం ఒక్కో నివాసానికి నెలకు 2 నుండి 40 పౌండ్ల వరకు రుసుమును నిర్దేశించింది. పేద పేటకూ సంపన్న పేటకూ తేడా చూపడం దాని ఉద్దేశం.

మరికొన్ని నగరాల తీరు

ఇతర చోట్ల ఈ లెక్క ఎలా సాగుతున్నదో క్లుప్తంగా చూద్దాము.

ఇస్తాంబుల్‌లోనూ, టర్కీలోని ఇతర నగరాలలోనూ గృహస్థులు 'పర్యావరణ పారిశుద్ధ్య పన్ను' చెల్లిస్తారు. దానిని నీటి వాడకాన్ని బట్టి లెక్కగట్టి నీటి బిల్లుతో పాటే వసూలు చేస్తారు. ఎక్కువ నీరు వాడే ఇల్లు ఎక్కువ చెత్త వేస్తుందనే అంచనా దీనికి ఆధారం. వసూలు సులభమే గాని, చెత్త తగ్గించుకున్న ఇంటికి ఇందులో లాభం లేదు.

దక్షిణ కొరియా 1995లో దేశమంతటా వేరే పద్ధతి తెచ్చింది. చెత్తను ప్రభుత్వం నిర్దేశించిన సంచులలోనే వేయాలి. ఆ సంచి ధరలోనే పారిశుద్ధ్య రుసుము కలిసి ఉంటుంది. ఎక్కువ చెత్త వేస్తే ఎక్కువ సంచులు కొనాలి. పునర్వినియోగానికి పనికివచ్చే వాటిని వేరుగా పెడితే రుసుము లేదు. మిగిలిపోయిన ఆహారాన్ని తూచి దాని బరువును బట్టి రుసుము వేసే యంత్రాలు కూడా అక్కడి అపార్టుమెంట్లలో ఉన్నాయి. అన్నం పారవేస్తే జేబుకు తగులుతుంది. తైవాన్ రాజధాని తైపే 2000లో ఇటువంటి సంచుల పద్ధతినే అనుసరించింది. అక్కడ చెత్తబండి పాశ్చాత్య సంగీతం వినిపిస్తూ వస్తుంది. ఆ రాగం చెవిన పడగానే జనం సంచులు పట్టుకొని వీధిలోకి వస్తారు.

గల్ఫ్ దేశాల సంగతి మన తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. అక్కడ చాలా చోట్ల ఖర్చు మునిసిపాలిటీది, పని కాంట్రాక్టు కంపెనీది, శ్రమ వలస కార్మికునిది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుండి వెళ్ళి మండుటెండలో వీధులు ఊడ్చిన వారు ఎందరో ఉన్నారు. ఉమ్రాకు వెళ్ళినప్పుడు మనం నడిచే శుభ్రమైన దారుల వెనుక అటువంటి చేతులే ఉన్నాయి.

మన పక్కనే ఉన్న పూణే నగరం చూపిన దారి ఆలోచించదగినది. అక్కడ చెత్త ఏరుకొని బతికే స్త్రీలు 1993లో సంఘంగా ఏర్పడ్డారు. తరువాత 'స్వచ్ఛ్' అనే సహకార సంస్థను నెలకొల్పుకొని నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. ఇంటింటికీ వెళ్ళి చెత్త తీసుకొని, నెల రుసుమును గృహస్థుల నుండి నేరుగా వారే అందుకుంటారు. పొడి చెత్త అమ్ముకునే హక్కు కూడా వారిదే. మధ్యలో వాహియా లేడు.

మన గడపకు వస్తే

హైదరాబాద్‌లో 2015 చివర స్వచ్ఛ ఆటోలు వీధులలోకి వచ్చాయి. బ్యాంకు రుణం మీద ఆటో పొందిన డ్రైవరు దాని వాయిదాలు కట్టుకోవాలి. ఇంటింటి నుండి వచ్చే యాభై, వంద రూపాయల నెల రుసుము, పొడి చెత్త అమ్మగా వచ్చే సొమ్ము అతని ఆదాయం. ఇంధనం, సహాయకుని కూలి అందులోనే సర్దుకోవాలి. మనం "వచ్చే నెల చూద్దాంలే" అన్న ఒక్క మాట అతని వాయిదా మీద పడుతుంది. బంగారు దుకాణంలో తరుగు అడగని వారు సైతం ఇతని దగ్గర ఇరవై రూపాయలకు బేరమాడటం చూస్తూనే ఉంటాము.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో 'క్లాప్' కార్యక్రమం మొదలై, పట్టణాల గృహాల నుండి యూజర్ ఛార్జీల వసూలు ఆరంభమైంది. జనం దానిని 'చెత్త పన్ను' అన్నారు. ఆస్తి పన్ను కడుతుండగా మళ్ళీ ఇదేమిటని వ్యతిరేకత వచ్చింది. ప్రభుత్వం మారిన తరువాత 2024 అక్టోబరులో ఆ పన్నును రద్దు చేస్తున్నట్లు ప్రకటించారు. పన్ను ఉండాలా, వద్దా అన్నది రాజకీయ చర్చ. కాని పన్ను రద్దయినంత మాత్రాన చెత్త ఎత్తే ఖర్చు రద్దు కాదు. అది పురపాలక నిధి నుండి రావాలి, లేదా కార్మికుని జీతం ఆలస్యం కావడంలో, ఊరి చివర డంపింగ్ యార్డు పెరగడంలో తేలుతుంది.

కైరో అనుభవాన్ని పక్కన పెట్టుకొని చూస్తే, ఏ పద్ధతినైనా మూడు ప్రశ్నలతో తూచవచ్చుననిపిస్తుంది. పేదవాని మీద అతని శక్తికి మించి భారం పడుతున్నదా? తక్కువ చెత్త వేసే ఇంటికి దాని వల్ల మేలు కలుగుతున్నదా? చెల్లించిన సొమ్ము చెత్త ఎత్తిన చేతికి చేరుతున్నదా? విద్యుత్ బిల్లు మూడో ప్రశ్న దగ్గర ఓడిపోయింది. నీటి బిల్లు రెండో ప్రశ్న దగ్గర తడబడింది. సంచుల పద్ధతి రెండోదానిలో నెగ్గింది గాని, పిల్లలు ఎక్కువగా ఉన్న పేద కుటుంబానికి మినహాయింపు ఇవ్వకపోతే మొదటిదానిలో ఓడిపోగలదు. అన్నింటా నెగ్గిన పద్ధతి ఇంకా ఏ నగరానికీ దొరకలేదు. అయినా ఈ మూడు ప్రశ్నలను మన కాలనీ కమిటీలోనూ, వార్డు సభ్యుని ముందూ అడిగే హక్కు మనకుంది.

ఇంటి పరిధిలో చేయగలిగినవి ఇంకా సులభం. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం వల్ల ఒకరి చేతులు కుళ్ళులో దిగకుండా ఆగుతాయి. పగిలిన గాజును, ఇన్సులిన్ సూదులను మందపాటి డబ్బాలో పెట్టి విడిగా ఇవ్వాలి. డైపర్లను కాగితంలో చుట్టాలి. బక్రీద్ నాడు ఖుర్బానీ వ్యర్థాలను మునిసిపాలిటీ ఇచ్చే సంచులలో మూటగట్టి అదే పూట అప్పగించాలి. వాటిని కాలువలో వేసి పొరుగువారిని బాధపెట్టి చేసే ఇబాదత్‌లో సొగసు ఉండదు. నెల రుసుమును అడిగించుకోకుండా మొదటి వారంలోనే ఇవ్వాలి. వీలైతే పిల్లల చేత ఇప్పించాలి. ఆ మనిషిని "అన్నా" అనో "భాయ్" అనో పిలవడం వారు అక్కడే నేర్చుకుంటారు.

దారిలో ఉన్న బాధాకరమైన వస్తువును తొలగించడం ఈమాన్ శాఖలలో ఒకటని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. ఆయన (స) మస్జిదును ఊడ్చే ఒక స్త్రీ కనిపించకపోతే ఆమె ఏమైందని విచారించారు. మరణించిందని, తనకు తెలియజేయలేదని విని, ఆమె సమాధి వద్దకు వెళ్ళి ప్రార్థించారు. సహచరులు చిన్న విషయమని భావించినది ఆయన దృష్టిలో చిన్నది కాలేదు. దారిలోని ముల్లును ఒకరోజు తొలగించినవారికే అంత పుణ్యముంటే, ప్రతిరోజూ తొలగించేవారి హక్కు మన మీద ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

2016లో ట్యునీషియా మూలాలున్న ఫ్రెంచ్ కళాకారుడు ఎల్ సీద్ మన్షియత్ నాసిర్‌కు వచ్చి, అక్కడి సుమారు యాభై ఇళ్ళ గోడల మీద ఒక పెద్ద అరబీ అక్షర చిత్రం గీశాడు. అతను ముస్లిం. గీసిన మాట అలెగ్జాండ్రియాకు చెందిన ప్రాచీన క్రైస్తవ గురువు అథనేసియస్‌ది. వెలుగును సరిగా చూడాలనుకునేవాడు ముందు తన కన్ను తుడుచుకోవాలన్నది దాని భావం. సందులలో నడిచేవారికి విడివిడి గీతలు, రంగులు మాత్రమే కనిపిస్తాయి. ముఖత్తం కొండ ఎక్కి ఒక నిర్ణీత స్థలం నుండి చూసినప్పుడే అక్షరాలన్నీ కలిసి ఒక వాక్యం అవుతాయి. కైరోకు వెళ్ళే మన యాత్రికులు కోటను, అల్-అజ్‌హర్‌ను చూసిన తరువాత మిగిలిన ఒక పూటను ఆ కొండకు కేటాయిస్తే బాగుంటుంది.